రోజుకో మాత్ర, నెలకో రింగు

ఫిబ్రవరి 4

పిడుగూ,

ఈ ఉత్తరం విప్పేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే ముందు వాళ్ళని గిన్నెలు తోమడానికి పంపించు. ఫోనులో అడుగుదామంటే మన ఇంటి సంగతి నీకు తెలియనిదా! అత్తయ్యకి సరిగా వినపడదని మీ అన్నయ్య ఫోనుని ఎప్పుడూ గొంతెత్తి అరిచేలా పెట్టి ఉంచుతాడు. పోయినసారి నీతో మాట్లాడాక ఎదురింటావిడ నీ జలుబు తగ్గిందా అని నన్నడిగింది. నువ్వు వంట చేసే ఓడలో చూస్తే సిగ్నలు కెప్టెను గదిలో తప్ప అందదాయె. అందుకే ఈ కాగితం.

రేవులో నన్ను మళ్ళీ క్రేను శిక్షణకి తీసుకున్నారు. ఐదేళ్ళ క్రితం ఇలాగే తీసుకున్నారు, పరీక్ష ఇంకో నెలలో ఉందనగా కవలలు కడుపున పడ్డారు. గర్భిణిని ఆ నిచ్చెన ఎక్కనివ్వరు. నా వంతు ఇంకొకరికి పోయింది, నేను కింద నిలబడి జెండా ఊపుతూ ఉండిపోయాను. పిల్లలు నా రెండు కళ్ళు, వాళ్ళనేమీ అనను. కానీ ఈసారి కూడా తప్పితే వయసు దాటిపోతుంది, ఇంక జన్మలో పైకెక్కను. పరీక్ష జూన్‌లో.

చిక్కంతా పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రతో వచ్చింది. సాయంత్రం ఏడింటికి మీ అన్నయ్య రిపేరు షాపులోంచి తెచ్చిన పాత అలారం గడియారం మోగుతుంది, ఆయన గ్లాసుతో నీళ్ళు తెచ్చి నిలబడతాడు, నేను మింగుతాను. నాలుగేళ్ళుగా ఇదే తంతు. ఇప్పుడేమో షిఫ్టు వారం వారం మారుతోంది. అలారం ఇంట్లో మోగుతుంది, మాత్ర అలమరాలో ఉంటుంది, నేను గాల్లో ఉంటాను. పోయిన నెలలో రెండుసార్లు మర్చిపోయి, నెలసరి వచ్చేదాకా ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగాను. పొద్దున్నే వేసుకోమంటావేమో. నాకు పొద్దున్న అంటే ఏదో నాకే తెలియడం లేదు.

నువ్వేదో రింగు వాడతానన్నావు చూడు, ఆ కథేమిటో రాయి. సిగ్గుపడకు. నువ్వు సిగ్గుపడవని తెలుసు, మర్యాద కోసం అన్నాను.

జెండా ఊపే
వదిన

ఫిబ్రవరి 19

నా బంగారు వదినకి,

వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నవాణ్ణి బయటికి తరిమి మరీ చదివాను. వాడు బతుకుజీవుడా అని పరుగెత్తాడు.

విను. నాదీ నీలాంటి బాధే. ఈ ఓడ తూర్పుకి పోతే గడియారం ముందుకి తిప్పుతారు, పడమరకి పోతే వెనక్కి. సాయంత్రం ఏడు ఎప్పుడయిందో తెలియక ఒక వారమంతా మాత్రని మధ్యాహ్నం సూప్‌తో మింగాను. ఆ తర్వాతే డాక్టరు రింగు రాసింది.

అది మెత్తటి, వంగే ప్లాస్టిక్ చుట్టు. పారదర్శకంగా ఉంటుంది, చేతి గాజు కంటే చిన్నది. చేతులు కడుక్కుని, రెండువేళ్ళతో నొక్కి, లోపలికి తోసేయడమే. మూడు వారాలు అక్కడే ఉంటుంది, ఒక వారం తీసేయాలి, ఆ వారంలో నెలసరి వస్తుంది, మళ్ళీ కొత్తది. మాత్రలో ఉండే మందు జాతిదే ఇందులోనూ ఉంటుంది, కాకపోతే కొంచెం కొంచెంగా ఊరుతూ ఉంటుంది. మాత్ర రోజూ పలకరించకపోతే అలిగే చుట్టం వదినా. రింగు వచ్చి మూడు వారాలు ఉండి, ఎవరి మాటా ఎత్తకుండా తన పని తను చూసుకునే చుట్టం.

లోపల తప్పిపోతుందేమోనని బెంగపడకు, అక్కడ నుంచి పోవడానికి దారే లేదు. ఎప్పుడైనా జారి బయటపడితే గోరువెచ్చని నీళ్ళతో కడిగి మూడు గంటల్లోపు పెట్టుకో. మొదటిసారి నేను ఒంటికాలి మీద నిలబడి ప్రయత్నించాను, అదే సమయానికి ఓడ ఒరిగింది, పిండి బస్తా మీద పడ్డాను. నువ్వు నేల మీద ఉన్నావు, అదృష్టవంతురాలివి.

కానీ నేను చెప్పానని ఊరికే వాడేయకు. ముందు డాక్టరమ్మకి చూపించు. రక్తపోటు, కళ్ళ ముందు మెరుపులు వచ్చే తలనొప్పి, రక్తం గడ్డకట్టే జబ్బు, సిగరెట్టు ఇలాంటివన్నీ అడుగుతుంది. మన ఇంట్లోకి ఎదురింటాయన సిగరెట్టు పొగ తప్ప ఇంకేదీ రాదులే. ఆవిడ రాసిస్తే ఆ కాగితం పంపు, మీ ఊరి మందుల షాపులో దొరకకపోతే ఇక్కడ కొని పంపుతాను.

అన్నయ్యకి చెప్పు. అమ్మకి చెప్పకు.

పిడుగు

ఏప్రిల్ 22

పిడుగమ్మకి,

డాక్టరు కాగితం చూసి నువ్వు పంపిన రెండు రింగులూ మీ ఓడ స్టోరు మనిషి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. పొట్లం మీద "ఆహార పదార్థం" అని రాశావు, నీ తెలివి మండ! పిల్లలు విప్పబోయారు.

డాక్టరమ్మ అన్నీ అడిగి, బరువు చూసి, రక్తపోటు చూసి, "నీకు మాత్రా రింగూ రెండూ పడతాయి" అంది. ఏది గొప్పది అనడిగాను. "సరిగ్గా వాడితే రెండూ ఒకటే, మర్చిపోతే రెండూ దండగే. ఒకటి రోజూ గుర్తుండాలి, ఇంకోటి పెట్టే రోజూ తీసే రోజూ గుర్తుండాలి. జబ్బులు అంటుకోకుండా మాత్రం రెండూ ఆపలేవు" అంది. మాత్రల అట్ట అయిపోయిన వారంలోనే మొదటిది పెట్టేసుకున్నాను. ఇవాళ తీశాను.

నిజం చెప్తున్నాను, మొదటి రెండు రోజులు క్రేను ఎక్కుతుంటే అడుగడుగుకీ అదే ధ్యాస. మూడో రోజుకి ఉన్న సంగతే మర్చిపోయాను. కొంచెం తెల్లబట్ట ఎక్కువైంది, అంతకుమించి ఏమీ లేదు. నిన్న గాలిలో కూడా సరుకు పెట్టెని ఊగకుండా దించాను, నా పక్కన కూర్చునే సీనియరు మొదటిసారి ఆవలించకుండా చూశాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు నన్ను తిట్టు.

మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాను. ఏడింటికి అలారం మోగింది, ఆయన గ్లాసు తెచ్చాడు. గ్లాసు బయట తడి లేకుండా చొక్కాతో తుడిచి ఇస్తాడు చూడు, అది చూసి నోరు రాలేదు. ఈ వ్యవహారంలో ఆయన వాటా అదొక్కటే కదే! ఇంక నువ్వు అక్కర్లేదు అన్నట్టు ఉంటుందనిపించింది. అందుకని ఒక పిప్పరమెంటు నోట్లో వేసుకుని నీళ్ళు తాగేశాను. మర్నాడూ అంతే. ఇప్పటికి రెండు సీసాల పిప్పరమెంట్లు అయిపోయాయి. పిల్లలకి పెట్టకుండా అమ్మ ఒక్కతే తింటోందని అత్తయ్య అనుమానంగా చూస్తోంది.

రెండో రింగు ఫ్రిజ్ తలుపు అరలో ఉంది. మిద్దె వేడికి పాడవుతుందని అక్కడ పెట్టాను.

పిప్పరమెంటు వదిన

మే 2

వదినా,

బుద్ధుందా? చల్లకొచ్చి ముంత దాచినట్టు, కట్టుకున్న మొగుడి దగ్గర ఈ దాపరికం ఏమిటి? ఈపాటికి చెప్పేసి ఉంటావని అనుకుంటున్నాను. చెప్పకపోతే ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు.

నీళ్ళ గ్లాసు పోతుందని అన్నయ్య ఏమీ కుంగిపోడు. వాడికి ఇంకేదైనా పని చెప్పు. పెట్టే రోజు, తీసే రోజు వాడినే గుర్తుచేయమను. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరికైనా పనికొస్తే చాలు, అన్నం కూడా అడగడు.

అమ్మ కార్డు రాసింది. "నీ వదిన మిఠాయి మనిషయిపోయింది, పళ్ళు పుచ్చిపోతాయి, నువ్వైనా చెప్పు" అట. చెప్పాను.

ఇక్కడ కెప్టెనుకి నా సూప్‌లో ఉప్పు ఎక్కువైందట. సముద్రంలో ఉండి ఉప్పు గురించి మాట్లాడతాడు!

పిడుగు

మే 6

పిడుగూ, కొంప మునిగింది.

మే నెల రాకముందే, కొత్త రింగు పెట్టుకోవాల్సిన రోజున ఫ్రిజ్ తెరిస్తే అర ఖాళీ. పిల్లలేమో అనుకున్నాను, మంచం కింద కూడా వెతికాను. అన్నాల దగ్గర మీ అన్నయ్య మహా హుషారుగా, "సుద్దముక్క గారి ఫ్లాస్కు బాగు చేశానోయ్! నాలుగు షాపులు తిరిగాడట పాపం, ఎవరి వాషరూ పట్టలేదట" అన్నాడు.

సుద్దముక్క అంటే ఎవరో చెప్పలేదు కదూ. మా క్రేను ఇన్‌స్పెక్టరు. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది, కనపడిన చోటల్లా గీత గీసి "దీని మీద దించు" అంటాడు. జూన్‌లో నా పరీక్ష ఆయన చేతుల్లోనే ఉంది.

ఆ వాషరు ఎక్కడిది అనడిగాను. "మన ఫ్రిజ్‌లోదే, కంపెనీవాళ్ళు శాంపిలు పంపినట్టున్నారు, భలే మెత్తగా ఉంది" అన్నాడు.

నా ఖర్మ చూశావా! రబ్బరు వాషర్లు వేడికి బీటలు వారతాయని ఈయన తన షాపు సరుకంతా ఆ ఫ్రిజ్ తలుపు అరలోనే పెడతాడు. కుక్కరువీ, మిక్సీవీ, ఫ్లాస్కువీ అన్నీ అక్కడే, అన్నీ చిన్న చిన్న రేకు పొట్లాల్లోనే. ఎనిమిదేళ్ళుగా ఆ అర మీద నేను సణుగుతూనే ఉన్నాను, పోయి పోయి అక్కడే పెట్టాను. మీ అన్నయ్య పొట్లం మీది అక్షరాలు చదవడు, వేలితో నొక్కి చూస్తాడు. నొక్కి చూశాడు, నచ్చింది, బిగించాడు. వేడి టీకి అది ఇంకాస్త మెత్తబడి అతుక్కుపోయిందట. చుక్క కారడం లేదట. సుద్దముక్క గారు రేవంతా తిరిగి మీ అన్నయ్యని పొగుడుతున్నాడు.

డాక్టరమ్మ సెలవులో ఉంది, వచ్చేసరికి మూడు రోజులు పోయాయి. ఆలస్యమైంది కాబట్టి మాత్రలు మొదలుపెట్టి ఏడు రోజులు వేరే జాగ్రత్త తీసుకోమంది. నిరోధ్ తెమ్మని మీ అన్నయ్యతో అనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే పిప్పరమెంట్లు బయటపడతాయి. పిప్పరమెంట్లు బయటపడితే ఫ్లాస్కు బయటపడుతుంది. ఆయన వెళ్ళి ఇన్‌స్పెక్టరుకి చెప్తాడు, అబద్ధం ఆడడం రాదు కదా మహానుభావుడికి! అప్పుడు నా పరీక్ష గతేమిటి? అందుకని అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులని వంక పెట్టి, రాత్రిళ్ళు ఆవిడ పక్కన పడుకుంటున్నాను. ఆవిడేమో "నాకు నొప్పి లేదే" అని నిద్రలో కూడా అంటోంది.

ఫ్లాస్కు టీ తాగితే ఎవరికైనా ఏమైనా అవుతుందా అని డాక్టరమ్మని మెల్లగా అడిగాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కొన్నాళ్ళకే ఏమీ కాదుగానీ, త్వరగా తీయించు" అంది.

ఎలా తీయించను?

తేలు కుట్టిన దొంగ

మే 16

వదినా,

ఇది పద్ధతి కాదు. ఇన్నాళ్ళుగా నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. అమ్మ కార్డు మాత్రం వచ్చింది. "మీ అన్నా వదినా విడివిడిగా పడుకుంటున్నారు. అది నా మంచం మీద ముడుచుకుని పడుకుంటోంది. వాడు గోడకేసి చూస్తున్నాడు. నేనెవరికి చెప్పుకోను" అని రాసింది. ఆ కంగారులో చేపల మీద కారానికి బదులు పంచదార చల్లాను.

రింగు సంగతి చెప్పగానే అన్నయ్య మొండికేశాడన్నమాట. ఇంత చదువు లేనివాడనుకోలేదు! నీ తరఫున వాడికి విడిగా ఉత్తరం రాశాను, ఇదే సంచిలో వస్తోంది. "ఆవిడ ఒళ్ళు, ఆవిడ పరీక్ష. రోజుకో మాత్ర వేసుకుంటుందో, నెలకో రింగు పెట్టుకుంటుందో ఆవిడిష్టం. దానికి నువ్వు అలగడమేమిటి, సిగ్గులేదా? మంచం దగ్గర గొడవలు పెట్టుకుంటే వచ్చి నీ చెవి మెలేస్తాను" అని కడిగేశాను.

నువ్వు బెంగపడకు. నేనున్నాను.

నీ వైపు మనిషి

మే 28

నా వైపు మనిషికి,

నువ్వు నా వైపు ఉండబట్టే ఇంత జరిగింది. నా ఆరో తారీకు ఉత్తరం ఏ సంచిలో చిక్కుకుందో, నీ చీవాట్ల ఉత్తరం మాత్రం రెక్కలు కట్టుకుని వచ్చింది.

మీ అన్నయ్య దాన్ని షాపులో చదివి, షట్టరు సగం దించి ఇంటికొచ్చాడు. నేను పిల్లల బట్టలు మడతపెడుతున్నాను. కాగితం నా ముందు పెట్టి, "నేనెప్పుడు అలిగాను?" అన్నాడు. చదివి తలెత్తలేకపోయాను. ఫ్లాస్కు తప్ప అన్నీ చెప్పేశాను, పిప్పరమెంట్లతో సహా.

నేను రింగు పెట్టుకున్నందుకు ఆయనకి ఒక్క పిసరు కోపం రాలేదు, ఒట్టు. "మంచిదే కదా, షిఫ్టులకి అదే నయం" అన్నాడు. నా చేతిలో బట్ట తీసుకుని మడుస్తూ, "అయితే ఆ నెలంతా నేను తెచ్చిన నీళ్ళతో పిప్పరమెంటు మింగావా?" అన్నాడు. అవునన్నాను. "చెప్తే బాగుండేది" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. నువ్వు తిట్టిన దానికి రాని ఏడుపు ఆ మెత్తటి మాటకి వచ్చింది. ఆయన మనసు కష్టపెట్టకూడదని దాస్తే, దాచినందుకే కష్టపడ్డాడు.

తర్వాత తీరిగ్గా అడిగాడు. "ఇంతకీ ఆ రింగు ఎలా ఉంటుంది?"

వేళ్ళతో చుట్టు చేసి చూపించాను. "మెత్తగా?" మెత్తగానే. "పారదర్శకంగా?" అవును. "రేకు పొట్లంలో?" అవును. మనిషి అలా బట్టల మీదే కూర్చుండిపోయాడు. "మరి ఆయన రోజుకి ఆరు కప్పులు తాగుతాడే!" అన్నాడు. నేను ఏడుస్తూనే నవ్వాను, ఆయనకి నవ్వుతూనే చెమటలు పట్టాయి. అత్తయ్య తలుపు దగ్గరకొచ్చి చూసి, "అమ్మయ్య, కలిసిపోయారు" అని నా దిండు తెచ్చి మా మంచం మీద విసిరి వెళ్ళింది.

మర్నాడు మంచి వాషరు పట్టుకుని రేవుకి వెళ్ళాడు. సుద్దముక్క గారు ఫ్లాస్కుని చంకలో పెట్టుకుని, "కారని దాన్ని మార్చడమేమిటయ్యా, ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాడట. నిజం చెప్పేయబోతే నేనే ఆపాను, పరీక్ష అయ్యాక చెబుదామని.

మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. రెండో షిఫ్టులో ఉంటే మాత్ర నా డబ్బాలో, నీళ్ళు నా సీసాలో. ఏడింటికి మీ అన్నయ్య రేవు గేటు దగ్గర సైకిలు ఆపి గంట కొడతాడు. పైకి వినపడదు, కానీ కనపడతాడు.

నెలసరి ఇంకా రాలేదు. రింగూ మాత్రా లేని ఆ మూడు రోజులు తలుచుకుని రోజుకి పదిసార్లు క్యాలెండరు చూస్తున్నాను. దేవుడా, మళ్ళీ ఐదేళ్ళ కిందటిలా చేయకు.

వదిన

జూన్ 7

వదినమ్మకి శతకోటి క్షమాపణలు,

నీ ఉత్తరాలు రెండూ ఇవాళ కలిసే వచ్చాయి. మొదటిది చదివి నవ్వాపుకోలేక స్టోరు గదిలో దాక్కున్నాను. రెండోది చదివి నా నోటికి నేనే తాళం వేసుకున్నాను.

ఇన్‌స్పెక్టరుగారి గురించి దిగులుపడకు. ఇంకేమైనా గానీ, ఈ నెల ఆయనకి గర్భం మాత్రం రాదు.

నీకైతే ఇంకా నెలసరి రాకపోతే పరీక్ష చేయించుకో, ఊహించుకుంటూ కూర్చోకు. ఏమొచ్చినా నాకు రాయి. ఒకవేళ కడుపు వచ్చినా అది నీ తప్పు కాదు, అన్నయ్య తప్పూ కాదు. ఆ ఫ్రిజ్ అరది.

కొత్త రింగులు ఆ స్టోరు మనిషి చేతే పంపుతున్నాను. పొట్లం మీద ఈసారి "వాషర్లు కావు" అని రాశాను.

పిడుగు

జూన్ 15

పిడుగూ,

ముందు అసలు మాట. పరీక్షకి రెండు రోజుల ముందు నెలసరి వచ్చింది. కేబిన్‌లో కూర్చుని ఉండగా తెలిసింది. సీనియరు పక్కనుండగా పెద్దగా నవ్వాను, మనిషి భయపడి బెల్టు బిగించుకున్నాడు.

పరీక్ష రోజు సుద్దముక్క గారు రేవు గట్టు మీద పెద్ద సున్నా గీసి, చుట్టూ చూసి, చంకలోని ఫ్లాస్కు తీసి దాని పక్కనే నిలబెట్టాడు. "పెట్టెని ఈ గీతలో దించు. ఫ్లాస్కుకి తగిలిందో, ఇంటికెళ్ళు" అన్నాడు.

పైకెక్కి చూస్తే అది ఆవగింజంత ఉంది. నాకు మాత్రం మూత తప్ప ఇంకేమీ కనపడలేదు. చేయి ఒక్క పిసరు జరిపితే చాలు, ఆ ఫ్లాస్కూ లేదు, ఆ భయమూ లేదు. ఆ పాడు ఆలోచన వచ్చిన మాట నిజమే. కానీ ఐదేళ్ళు కింద నిలబడి జెండా ఊపింది ఒక ఫ్లాస్కు పగలగొట్టడానికా? ఊపిరి బిగబట్టి దించాను. గాలి వచ్చింది, ఆగాను. ఊపు ఆగింది, దించాను. సుద్దముక్క గారు వంగి పెట్టెకీ ఫ్లాస్కుకీ మధ్య బొటనవేలు పెట్టి చూశాడు. వేలు పట్టింది, అంతే. నిలబడి పైకి చూసి సుద్దముక్క ఊపాడు. పాసయ్యాను పిడుగూ! పాసయ్యాను!

ఇంతలో గేటు దగ్గర నుంచి మీ అన్నయ్య పరుగో పరుగు. కాపలావాడు అరుస్తున్నా ఆగలేదు. నేను నిచ్చెన దిగుతూ చూస్తున్నాను. చేతులు రెండూ పైకెత్తి, నన్నే చూస్తూ వచ్చి వచ్చి ఫ్లాస్కుని తన్నేశాడు. అది గట్టు మీద నుంచి దొర్లి నీళ్ళలో పడింది. గాజుగిన్నెని కూడా దూదిలా పట్టుకునే మనిషి! కాలు జారిందా, తన్నాడా అని ఎన్నిసార్లు అడిగినా "నువ్వు పాసైన హడావిడిలో చూసుకోలేదు" అంటాడు. అబద్ధం ఆడడం రానివాడికి ఆ మాట చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడుతున్నాయి.

తర్వాత ఇద్దరం ఇన్‌స్పెక్టరు గదికి వెళ్ళి, కొత్త ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాం. సుద్దముక్క గారు లైసెన్సు కాగితం మీద సంతకం చేసి నా వైపు తోసి, "మా ఇంట్లో మాత్రం తెలియనివ్వకండమ్మా. ఇప్పటికే నవ్వుకోవడానికి వాళ్ళకి నా సంగతులు చాలా ఉన్నాయి" అన్నాడు. కొత్త మూతని మూడుసార్లు నొక్కి చూసుకున్నాడు.

నువ్వు పంపిన రింగు ఇవాళే పెట్టుకున్నాను, డాక్టరమ్మ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పింది. మాత్రలు ఆపేశాను. మిగతా రింగులు మా బీరువాలో ఉన్నాయి. మీ అన్నయ్య ఫ్రిజ్ అరని కడిగి, వాషర్లన్నీ షాపుకి మోసుకుపోయాడు. పెట్టే రోజూ తీసే రోజూ గోడ మీద ఆయనే రాసి పెట్టాడు, సుద్దముక్కతో.

అలారం మాత్రం ఆపనివ్వలేదు నేను. ఇందాక ఏడింటికి మోగింది. అలవాటుగా లేచాడు, సగం దూరం వెళ్ళి గుర్తొచ్చి ఆగిపోయాడు. "తెండి" అన్నాను. గ్లాసు చొక్కాతో తుడిచి తెచ్చిచ్చాడు.

రింగుకి నీళ్ళు అక్కర్లేదు. అయినా మొత్తం తాగాను.

క్రేను నడిపే
మీ వదిన